కిటికీ లేని మూలలో నా సీటు. బల్ల మీద మొక్క పెట్టుకుంటే నిజంగా తేడా ఉంటుందా?

గోడపక్క సీటు | సోమవారం ఉదయం

అందరికీ నమస్కారం. ఎనిమిది నెలల క్రితం మా విభాగాన్ని వేరే అంతస్తుకు మార్చారు. నాకు వచ్చిన సీటుకు మూడు పక్కలా గోడలే. కిటికీ చాలా దూరం, లేచి నిలబడితే తప్ప కనిపించదు. క్లెయిముల ఫైళ్లు చదివి అంకెలు సరిచూడటం నా పని. ఉదయం బాగానే నడుస్తుంది. మధ్యాహ్నం మూడు దాటాక మాత్రం చదివిన వరుసనే మళ్లీ చదువుతుంటాను. కళ్లు తెర మీదే ఉంటాయి, మనసు అక్కడ ఉండదు.

ముందు వరుసలో ఒకరు చిన్న కుండీలో మొక్క పెంచుతున్నారు. అటు వెళ్లినప్పుడల్లా దాని దగ్గర ఒక నిమిషం ఆగాలనిపిస్తుంది. ఆ నిమిషం నాకు హాయిగా ఉంటుంది. అందుకే నేనూ ఒకటి పెట్టుకుందామనుకుంటున్నాను. కానీ కొన్ని సందేహాలున్నాయి.

మొదటిది, దీనివల్ల నిజంగా మేలు ఉందా, లేక అలంకారమేనా? గాలి శుభ్రమవుతుందనీ ఆక్సిజన్ పెరుగుతుందనీ చాలాచోట్ల చదివాను. పక్క సీటాయనేమో మొక్కలు కార్బన్ డయాక్సైడ్ వదులుతాయి, మూసిన గదిలో మంచిది కాదంటున్నారు. రెండోది, ఎండ అసలు రాని చోట ఏది బతుకుతుంది? మూడోది చెప్పడానికి కొంచెం బాధగా ఉంది. గత ఏడాది ఒక మొక్క తెచ్చుకున్నాను. ఒక్కరోజు కూడా మరచిపోకుండా నీళ్లు పోశాను. నెల తిరక్కుండానే చనిపోయింది. ఇంకోదాన్ని తెచ్చి దానికీ అదే గతి పట్టించడం నాకిష్టం లేదు.

నీటిచుక్క | సోమవారం ఉదయం

తప్పకుండా పెట్టుకోండి! నా బల్ల మీద మూడేళ్లుగా మనీ ప్లాంట్ ఉంది. అది లేకుండా ఇప్పుడు కూర్చోలేను. గాలిలోని విషవాయువులన్నీ పీల్చేస్తుంది, ఇది నాసా వాళ్లే పరీక్షించి చెప్పిన మాట. మా గదిలో ఆరు కుండీలున్నాయి, లోపలికి అడుగు పెడితేనే గాలి వేరుగా ఉంటుంది. మీ పక్క సీటాయన మాట పట్టించుకోకండి.

లెక్కల పుస్తకం | సోమవారం మధ్యాహ్నం

నీటిచుక్క గారూ, మీ మొక్క మీద మీకున్న ప్రేమ అర్థమవుతోంది. ఆ ప్రేమ తగ్గాలని ఇది రాయడం లేదు. కానీ గోడపక్క సీటు గారు నిజం అడిగారు కాబట్టి ఆ నాసా సంగతి పూర్తిగా చెప్పాలి.

ఆ పరిశోధన 1989లో వచ్చింది. బి.సి. వుల్వర్టన్ అనే శాస్త్రవేత్త చేశారు. గాలి లోపలికీ బయటికీ పోకుండా బిగించిన చిన్న పెట్టెల్లో మొక్కల్ని పెట్టి, బెంజీన్, ఫార్మాల్డిహైడ్, ట్రైక్లోరోఎథిలిన్ వంటి విషవాయువులు అందులోకి పంపి, కొన్ని గంటల తర్వాత ఎంత తగ్గిందో కొలిచారు. తగ్గిన మాట నిజం. అంతరిక్ష నౌక లాంటి మూసిన చోట గాలిని ఎలా శుభ్రం చేయాలన్నది వాళ్ల ఆలోచన. మన ఆఫీసు ఆ పెట్టె లాంటిది కాదు. తలుపులు తెరుచుకుంటాయి, ఏసీ గాలిని తిప్పుతుంది, బయటి గాలి లోపలికి వస్తూనే ఉంటుంది. ఆ గాలి మార్పిడి చేసే పని ముందు మొక్క చేసే పని చాలా చిన్నది.

2019లో అమెరికాలోని డ్రెక్సెల్ విశ్వవిద్యాలయం నుంచి కమింగ్స్, వారింగ్ అనే ఇద్దరు అప్పటిదాకా వచ్చిన 12 పరిశోధనల్లోని 196 ప్రయోగాల ఫలితాలను ఒకే కొలతలోకి తెచ్చి లెక్క కట్టారు. భవనంలో మామూలుగా జరిగే గాలి మార్పిడి ఎంత శుభ్రం చేస్తుందో మొక్కలతో అంత చేయాలంటే ఒక చదరపు మీటరు నేలకు 10 నుంచి 1,000 మొక్కలు కావాలట. అంటే మనిషి కూర్చోవడానికి చోటుండదు.

పక్క సీటాయన భయానికి కూడా ఇదే జవాబు. ఒక మనిషి రోజుకు దాదాపు ఒక కిలో కార్బన్ డయాక్సైడ్ వదులుతాడు. కుండీలోని మొక్క చీకట్లో వదిలేది దాని ముందు లెక్కలోకే రాదు. మొక్క గాలిని బాగు చేయదు, చెడగొట్టదు. గాలి బరువుగా అనిపిస్తే వెంటిలేషన్ సరిచేయమని అడగాలి. దాని బదులు మొక్క పెడితే సరిపోతుందని అనుకోకూడదు. ఈ ఒక్క విషయంలో నాకు గట్టి పట్టింపు ఉంది.

నీటిచుక్క | సోమవారం మధ్యాహ్నం

చదివాక కాస్త చిన్నబుచ్చుకున్న మాట వాస్తవం. ఇన్నేళ్లూ ఎంతమందికి చెప్పానో! సరే, గాలి సంగతి వదిలేద్దాం. మరి గదిలోకి వస్తే నాకు హాయిగా అనిపించేది కూడా అబద్ధమేనా? అది నా ఊహ అని మాత్రం ఒప్పుకోలేను.

పాత బెంచీ | సోమవారం సాయంత్రం

ఒప్పుకోవద్దు నీటిచుక్క గారూ. మీ హాయి నిజం. దాని కారణం ముక్కులో వెతికారు, అది కళ్లలో ఉంది.

నేను చాలా ఏళ్లు మనస్తత్వశాస్త్రం పాఠాలు చెప్పాను. ఈ అంశం ఎప్పుడొచ్చినా 1984తో మొదలుపెట్టేవాణ్ణి. ఆ ఏడాది రోజర్ అల్‌రిచ్ అనే పరిశోధకుడు ఒక చిన్న వ్యాసం ప్రచురించారు. పెన్సిల్వేనియాలోని ఒక ఆసుపత్రిలో 1972 నుంచి 1981 దాకా పిత్తాశయం ఆపరేషన్ చేయించుకున్నవాళ్ల రికార్డులు తీశారు. కొందరి మంచం పక్క కిటికీలోంచి చెట్లు కనిపించేవి. మిగతావాళ్ల కిటికీలోంచి ఇటుక గోడ కనిపించేది. వయసు వంటి వివరాలు దగ్గరగా ఉన్నవాళ్లను 23 జతలుగా పెట్టి పోల్చారు. చెట్లు చూసినవాళ్లు త్వరగా ఇంటికి వెళ్లారు, గట్టి నొప్పి మందులు తక్కువ వాడారు. వాళ్లు ఆ చెట్ల గాలి పీల్చలేదు, కిటికీ అద్దంలోంచి చూశారు, అంతే.

ఎందుకిలా అన్న ప్రశ్నకు మిషిగన్ విశ్వవిద్యాలయంలో రేచల్ కప్లాన్, స్టీఫెన్ కప్లాన్ దంపతులు ఇచ్చిన వివరణ నాకు అన్నిటికన్నా నచ్చుతుంది. మన శ్రద్ధ రెండు రకాలు. ఒకటి బలవంతాన నిలబెట్టేది. అంకెలు సరిచూడటం, పక్కన మాటలు వినబడుతున్నా ఫైలులోనే ఉండటం లాంటివి. దీనికి కష్టం ఉంది, కాబట్టి అలసట ఉంది. రెండోది తనంతట తాను పోయేది. ఆకు కదిలితే చూస్తాం, మబ్బు పోతుంటే చూస్తాం. అలా చూడటానికి ఏ ప్రయత్నమూ అక్కర్లేదు. ఈ రెండోది నడుస్తున్నంతసేపూ మొదటిది విశ్రాంతి తీసుకుంటుంది. గోడపక్క సీటు గారు మూడు దాటాక అదే వరుస మళ్లీ చదువుతున్నానన్నారే, అది మొదటి రకం శ్రద్ధ అలసిపోవడం. ఫోన్ తీసి చూస్తే అది తీరదు, ఎందుకంటే ఫోన్ కూడా ఆ మొదటిదాన్నే లాగుతుంది.

ఎంతసేపు చూడాలి అంటారా? మెల్‌బోర్న్ విశ్వవిద్యాలయంలో 2015లో 150 మంది విద్యార్థులకు విసుగు పుట్టించే ఒక అంకెల పని ఇచ్చారు. మధ్యలో 40 సెకన్లు ఆపి, సగం మందికి తెర మీద కాంక్రీటు పైకప్పు, సగం మందికి పూల మొక్కలతో నిండిన పైకప్పు చూపించారు. పచ్చదనం చూసినవాళ్లు తర్వాత తక్కువ తప్పులు చేశారు. 40 సెకన్లు! మీరు ముందు వరుస మొక్క దగ్గర ఆగిన ఆ నిమిషం వృథా పోలేదు.

రాత్రి షిఫ్ట్ | మంగళవారం, తెల్లవారుజాము

పరిశోధనలు నాకు తెలియవు, నా అనుభవం చెప్తాను. ఫోన్లో ఫిర్యాదులు వినే ఉద్యోగం నాది. రాత్రంతా కోపంగా ఉన్నవాళ్లతోనే మాట్లాడాలి. ఒకసారి ఒకాయన ఇరవై నిమిషాలు తిట్టాడు. పెట్టేసేసరికి చేతులు వణుకుతున్నాయి. తర్వాతి కాల్‌కు మధ్యలో కొంచెం సమయమే ఉంటుంది. అప్పుడు నా బల్ల మీది స్పైడర్ ప్లాంట్ ఆకులు ఒక్కొక్కటీ తడిబట్టతో తుడిచాను. ఎందుకు తుడిచానో నాకే తెలియదు, చేతులకు ఏదో ఒక పని కావాలి. నాలుగో ఆకు దగ్గరికొచ్చేసరికి ఊపిరి మామూలుగా వచ్చింది.

అప్పటినుంచి అలవాటు చేసుకున్నాను. టెన్షన్ పోయిందని చెప్పను, ఆ ఉద్యోగంలో అది పోదు. కానీ ఒక కాల్ కోపం ఇంకో కాల్‌లోకి మోసుకెళ్లడం తగ్గింది. తర్వాత ఫోన్ చేసేవాళ్లకు ఆ తేడా తెలుస్తుందనుకుంటాను.

లెక్కల పుస్తకం | మంగళవారం ఉదయం

రాత్రి షిఫ్ట్ గారూ, మీరు తెలియకుండా చేసిందానికి దగ్గరి ప్రయోగమే జపాన్‌లో జరిగింది. హ్యోగో విశ్వవిద్యాలయం వాళ్లు 63 మంది ఆఫీసు ఉద్యోగులను తీసుకుని, అలసటగా అనిపించినప్పుడల్లా కుర్చీలోనే 3 నిమిషాలు విశ్రాంతి తీసుకోమన్నారు. మొదట మొక్క లేకుండా. తర్వాత బల్ల మీద పెట్టుకోవడానికి ఒక చిన్న మొక్కను వాళ్లనే ఎంచుకోమని, దాన్నే చూసుకుంటూ, నీళ్లు పోసుకుంటూ ఉండమన్నారు. మొక్క వచ్చాక ఆందోళన కొలిచే ప్రశ్నావళిలో మార్కులు తగ్గాయి. 27 శాతం మందికి ఆ 3 నిమిషాల్లో నాడి వేగం స్పష్టంగా తగ్గింది.

27 శాతం అంటే అందరికీ కాదని కూడా గుర్తుంచుకోవాలి. 2009లో నార్వే, స్వీడన్ పరిశోధకులు ఇంటి లోపలి మొక్కల మీద జరిగిన 21 ప్రయోగాలను పక్కపక్కన పెట్టి చూస్తే ఫలితాలు ఒకే దారిలో లేవు. కొన్నిటిలో మేలు, కొన్నిటిలో ఏ తేడా లేదు. పని ఏమిటి, మనిషి ఎవరు, మొక్క ఎక్కడ ఉంది అన్నవాటిని బట్టి మారుతుంది. కాబట్టి మందులా చూడకండి. మంచి కుర్చీ, మంచి వెలుతురు లాగా పని చోటును మనిషికి అనువుగా చేసే వాటిల్లో ఒకటిగా చూడండి.

మట్టిచేతులు | మంగళవారం మధ్యాహ్నం

ఇన్ని పోస్టులు వచ్చాయి, ఆ చనిపోయిన మొక్క గురించి ఎవరూ మాట్లాడలేదు. నాకు మొదట కళ్లబడింది అదే. ఆఫీసుల్లో మొక్కల సంరక్షణ నా వృత్తి. గోడపక్క సీటు గారూ, మీరు దాన్ని నిర్లక్ష్యం చేయలేదు. రోజూ నీళ్లు పోయడం వల్లే అది పోయింది. లోపలి మొక్కల్లో ఎక్కువ భాగం ఇలాగే పోతాయి, అదీ ప్రేమ ఉన్నవాళ్ల చేతుల్లోనే.

ఎలా జరుగుతుందో చెప్తాను, అర్థమైతే మళ్లీ జరగదు. వేర్లకు నీళ్లతో పాటు గాలి కావాలి. మట్టి రేణువుల మధ్య సన్నటి ఖాళీలుంటాయి, గాలి అక్కడ ఉంటుంది. రోజూ నీళ్లు పోస్తే ఆ ఖాళీలన్నీ నీటితో నిండిపోతాయి. వేర్లకు ఊపిరాడదు, మెత్తబడి కుళ్లుతాయి. కుళ్లిన వేరు నీళ్లు తాగలేదు కాబట్టి పైన ఆకులు వాడిపోయి పసుపు రంగుకు తిరుగుతాయి. చూసేవాళ్లకు అది దాహంలా కనిపిస్తుంది. పాపం ఎండిపోతోందని ఇంకో గ్లాసు పోస్తారు. అక్కడితో అయిపోతుంది. మీ మొక్క చివరి వారంలో కాండం మొదట్లో మెత్తగా అయ్యిందా? మట్టి దగ్గర ముక్కు పెడితే పులిసిన వాసన వచ్చిందా?

వెలుతురు తక్కువైతే ఇది ఇంకా త్వరగా జరుగుతుంది. ఎండలో మొక్క త్వరగా నీళ్లు తాగుతుంది. మీ మూలలో అది మెల్లగా తాగుతుంది. బయట రెండు రోజుల్లో ఆరే మట్టి లోపల రెండు వారాలు తడిగా ఉంటుంది. అందుకే "వారానికి ఇన్నిసార్లు" అన్న లెక్క నేనెవరికీ చెప్పను. మట్టిలోకి వేలు రెండో కణుపు దాకా దించండి. తడి తగిలితే పోయొద్దు. ఇంకో పద్ధతి, నీళ్లు పోసిన రోజు కుండీని ఎత్తి బరువు చూసుకోండి. కొన్నాళ్లకు ఎత్తగానే చేతికే తెలిసిపోతుంది. పోసే రోజు మాత్రం అడుగు రంధ్రం లోంచి కారేదాకా నిండుగా పోసి, కింది పళ్లెంలో నిలిచినవి పారబోయండి. రంధ్రం లేని అందమైన కుండీలో నేరుగా నాటకండి. మొక్కను రంధ్రాలున్న ప్లాస్టిక్ కుండీలో ఉంచి, అందాన్ని బయటి కుండీకి వదిలేయండి.

ఇక ఏ మొక్క అన్నది మీ వెలుతురు చూశాక చెప్తాను. మీ బల్ల మీద తెల్ల కాగితం పెట్టి, దానికి జానెడు పైన అరచేయి చాపండి. నీడ అంచులు స్పష్టంగా పడ్డాయా, మసకగా పడ్డాయా, అసలు పడలేదా? లైట్లు రోజుకు ఎన్ని గంటలు వెలుగుతాయి?

గోడపక్క సీటు | మంగళవారం సాయంత్రం

కాండం మెత్తబడింది. వాసన కూడా వచ్చింది. ఆ చివరి వారంలో నేను రోజుకు రెండుసార్లు పోశాను. మీరు రాసింది చదువుతుంటే కళ్లలో నీళ్లు తిరిగాయి, కానీ తెలిసినందుకు బరువు దిగింది కూడా. ఇన్నాళ్లూ నా చేతిలో ఏదీ బతకదేమో అనుకున్నాను.

కాగితం పరీక్ష చేశాను. నీడ మసకగా పడింది, వేళ్లు విడివిడిగా తెలియలేదు. లైట్లు పది గంటలు ఉంటాయి. సెలవు రోజుల్లో ఆపేస్తారు.

మట్టిచేతులు | మంగళవారం రాత్రి

అయితే ఆశ ఉంది. మన కళ్లు వెలుతురుకు సర్దుకుపోతాయి కాబట్టి ఆఫీసు వెలుగుగా ఉందనుకుంటాం. వెలుతురును లక్స్‌లలో కొలుస్తారు. బయట నేరుగా పడే ఎండ దాదాపు 1,00,000 లక్స్ ఉంటుంది. ఆఫీసు బల్ల మీద 300 నుంచి 500. ఆ అంతరం మొక్కకు తెలుస్తుంది. పూలు పూసేవి, కాక్టస్ లాంటివి మీ మూలలో పెట్టొద్దు. చిన్నగా ముద్దుగా ఉంటాయని చాలామంది బల్ల మీద వాటినే పెడతారు, ఎండ లేక సన్నగా సాగి ఒరిగిపోతాయి.

మీకు రెండు చెప్తాను. ఒకటి జెడ్‌జెడ్ ప్లాంట్. తూర్పు ఆఫ్రికా మొక్క. అక్కడ వానల్లేని కాలాన్ని దాటడానికి మట్టి కింద దుంపల్లో నీళ్లు దాచుకుంటుంది. మీ చోట మూడు వారాలకోసారి నీళ్లు చాలు, మీరు సెలవు మీద వెళ్లినా దానికి పట్టదు. కానీ మెల్లగా పెరుగుతుంది, నెలల తరబడి కొత్త చిగురు రాకపోవచ్చు. రెండోది మనీ ప్లాంట్. దాని సొంత నేల పసిఫిక్ సముద్రంలోని మోరియా దీవి. పెద్ద చెట్ల నీడలో మాను పట్టుకుని పైకి పాకే తీగ. నీడలో పుట్టి పెరిగే అలవాటు కాబట్టి మీ లైట్లతో సర్దుకుంటుంది. ఆకుల మీద తెల్ల మచ్చలు తక్కువున్నది, ముదురు ఆకుపచ్చది ఎంచుకోండి. తెల్ల భాగంలో పత్రహరితం ఉండదు, కాబట్టి వెలుతురు తక్కువున్న చోట అది బరువే.

మీకు చూసినప్పుడల్లా ఏదో ఒక మార్పు కనిపించాలనుంది అనుకుంటున్నాను. మనీ ప్లాంట్ తీసుకోండి. వీలైతే పైన జానెడున్నర ఎత్తులో చిన్న ఎల్ఈడీ దీపం పెడితే ఇంకా మంచిది. తెల్ల వెలుగిచ్చే మామూలు ఎల్ఈడీ చాలు, ఊదా రంగు దీపాలు అక్కర్లేదు.

మూడో అంతస్తు | బుధవారం ఉదయం

అందరూ మంచే చెప్తున్నారు, నా అనుభవం వేరు. నేను పని చేసే చోట అందరూ ఉత్సాహంగా కుండీలు తెచ్చారు. రెండు నెలలకు చిన్న చిన్న నల్ల దోమల్లాంటివి వచ్చాయి. తెర ముందు ఎగురుతాయి, ముఖం మీద వాలతాయి. పక్క సీటామెకు బూజు వాసనకు తుమ్ములు. చివరికి మొక్కలన్నీ తీసేయమని ఆదేశం వచ్చింది. ఎవరి మొక్క తీయాలన్న దాని మీద గొడవలు కూడా అయ్యాయి. ఇప్పుడు ఒక సంస్థ తెచ్చిపెట్టిన పెద్ద కుండీలు నడవాలో ఉన్నాయి. వాటిని ముట్టుకోవద్దని చీటీ ఉంటుంది. వాటివల్ల నాకేమీ అనిపించదు.

మట్టిచేతులు | బుధవారం మధ్యాహ్నం

ఆ ఎగిరేవి దోమలు కావు, ఫంగస్ నాట్స్ అంటారు. కుట్టవు. ఎప్పుడూ తడిగా ఉండే పైమట్టిలో గుడ్లు పెడతాయి, వాటి పిల్లలు అక్కడి బూజును తింటాయి. అంటే అది కూడా నీళ్లు ఎక్కువ కావడమే! పైన రెండు అంగుళాల మట్టిని పూర్తిగా ఆరనిస్తే చాలావరకు ఆగిపోతాయి. ఎగిరేవాటికి పసుపు రంగు జిగురు కార్డులు పెట్టాలి. మూడు నాలుగు వారాలు ఓపిక పట్టాలి, ఎందుకంటే మట్టిలో ఉన్న గుడ్లు పిల్లలై బయటికి వస్తూనే ఉంటాయి. పక్క సీటామె తుమ్ములను తేలిగ్గా తీసుకోకూడదు. మట్టి మీది బూజు కొందరికి నిజంగా పడదు. అలాంటప్పుడు మట్టి అసలు లేకుండా గాజు సీసాలో నీళ్లు పోసి మనీ ప్లాంట్ పెంచుకోవచ్చు. వారానికోసారి నీళ్లు మారిస్తే చాలు.

పాత బెంచీ | బుధవారం సాయంత్రం

మూడో అంతస్తు గారి చివరి వాక్యం దగ్గర ఆగిపోయాను. "ముట్టుకోవద్దని చీటీ ఉంటుంది. వాటివల్ల నాకేమీ అనిపించదు." ఈ చర్చలో నాకు అన్నిటికన్నా ముఖ్యంగా తోచిన మాట ఇది.

2010లో క్రెయిగ్ నైట్, అలెక్స్ హాస్లామ్ అనే ఇద్దరు బ్రిటన్‌లో ఒక ప్రయోగం చేశారు. ఒకే రకం ఆఫీసు పనిని నాలుగు రకాల గదుల్లో చేయించారు. మొదటిది ఏమీ లేని బోసి గది. రెండోది నిర్వాహకులే మొక్కలు, బొమ్మలు అమర్చి ఇచ్చిన గది. మూడో గదిలో అవే మొక్కలు, అవే బొమ్మలు, కానీ ఎక్కడ పెట్టుకోవాలో పని చేసేవాళ్ల ఇష్టం. నాలుగో గదిలో మొదట వాళ్ల ఇష్టానికి వదిలి, వాళ్లు సర్దుకున్నాక నిర్వాహకులు వచ్చి తమకు నచ్చినట్టు మార్చేశారు. బోసి గదికన్నా రెండో గదిలో పని 17 శాతం దాకా, మూడో గదిలో 32 శాతం దాకా మెరుగ్గా సాగింది. నాలుగో గదిలో ఆ లాభం పోయింది. మొక్కలు అక్కడే ఉన్నాయి, అయినా పోయింది.

అదే బృందంలోని కొందరు 2014లో బ్రిటన్, నెదర్లాండ్స్‌లలో నిజంగా పని జరుగుతున్న ఆఫీసుల్లో పరీక్షించారు. కూర్చున్న చోటు నుంచి రెండు మూడు మొక్కలైనా కనిపించేలా పెడితే, ఖాళీ బల్లల ఆఫీసుకన్నా పని 15 శాతం పెరిగిందని రాశారు. ఈ అంకె ప్రతిచోటా ఇలాగే వస్తుందని నేను హామీ ఇవ్వను. కానీ ఈ రెండిటినీ కలిపి చదివితే నాకు అర్థమయ్యేది ఒకటి. ఎవరో పెట్టిన మొక్క కొంత మేలు చేస్తుంది. నువ్వు ఎంచుకుని, నీ చేత్తో నీళ్లు పోసి, నీ ఇష్టం వచ్చిన పక్కకు తిప్పుకునే మొక్క అంతకన్నా చాలా చేస్తుంది. గంటలు, లక్ష్యాలు, కుర్చీ, గోడ రంగు అన్నీ వేరేవాళ్లు నిర్ణయించిన చోట, ఆ జానెడు స్థలంలో ఏం జరగాలో నీ చేతిలో ఉంటుంది. జపాన్‌లో కూడా మొక్కను ఎవరిది వాళ్లనే ఎంచుకోమన్నారు చూడండి.

అందుకే ఆఫీసు బాధ్యతల్లో ఉన్నవాళ్లు ఎవరైనా ఇది చదువుతుంటే ఒక మనవి. నడవాలో పెద్ద కుండీలు పెట్టించడానికి ముందు, బల్ల మీద ఒక కుండీ పెట్టుకోనివ్వండి.

రాత్రి షిఫ్ట్ | గురువారం, తెల్లవారుజాము

పాత బెంచీ గారూ, ఆకులు తుడిస్తే నా చేతుల వణుకు ఎందుకు ఆగిందో ఇప్పుడు తెలిసింది. ఆ రాత్రి నా మాట విన్నది అదొక్కటే.

పిల్లిగారి ఇల్లు | గురువారం ఉదయం

ఇంటి నుంచి పని చేసేవాళ్లకు ఒక హెచ్చరిక. మనీ ప్లాంట్, జెడ్‌జెడ్, పీస్ లిల్లీ మూడింటి ఆకుల్లోనూ కాల్షియం ఆక్సలేట్ సూదుల్లాంటి స్ఫటికాలుంటాయి. పిల్లులూ కుక్కలూ నమిలితే నోరు మండి, వాచి, చొంగ కారుస్తాయి, వాంతులవుతాయి. పాకే పిల్లలున్న ఇంట్లో కూడా జాగ్రత్త. మా పిల్లి ఒక ఆకు కొరికి రోజంతా బాధపడింది. ఇప్పుడు నా బల్ల మీద స్పైడర్ ప్లాంట్ ఉంది. అది వాటికి హాని చేయదు, మా పిల్లి దాన్ని మేకలా మేస్తున్నా సరే.

తెరచాప | గురువారం మధ్యాహ్నం

ఒక చిన్న మాట. మొక్కను కీబోర్డు పక్కన పెట్టేకన్నా కాస్త దూరంగా, చూపు ఎత్తితే కనిపించేలా పెడితే కళ్లకు కూడా మంచిది. తెర చూసేటప్పుడు రెప్పలు తక్కువగా ఆడతాయి, కంటి కండరం దగ్గరి చూపుకే బిగుసుకుని ఉంటుంది. 20 నిమిషాలకోసారి 20 అడుగుల దూరంలో ఉన్నదాన్ని 20 సెకన్లు చూడమని కంటి డాక్టర్లు చెప్తారు. ఊరికే దూరం చూడమంటే ఎవరూ చూడరు. చూడటానికి ఏదైనా ఉంటే చూస్తారు. గోడపక్క సీటు గారికి 20 అడుగులు దొరకవేమో, ఆ ముందు వరుస మొక్క ఉందిగా!

గోడపక్క సీటు | ఆరు వారాల తర్వాత

చాలా రోజులకు వస్తున్నాను. మీ అందరికీ చెప్పకపోతే తప్పవుతుంది.

మనీ ప్లాంట్ తెచ్చుకున్నాను. ఆరు ఆకులతో వచ్చింది. తెచ్చిన మొదటి పది రోజులు నీళ్లు పోయకుండా ఉండటం నాకు చాలా కష్టమైంది. రోజూ వేలు పెట్టి చూడటం, తడిగా ఉందని చెయ్యి వెనక్కి తీసుకోవడం. రెండో వారంలో ఒక పాత ఆకు పసుపుపచ్చగా అయితే గుండె ఆగినంత పనైంది. మట్టిచేతులు గారు రాసింది మళ్లీ చదివి, కుండీ ఎత్తి చూసి, ఏమీ చేయకుండా ఊరుకున్నాను. ఆ ఒక్క ఆకుతోనే ఆగింది. నాలుగో వారంలో కాడ చివర సూదిలా చుట్టుకున్న చిగురు కనిపించింది. అది విప్పుకోవడానికి ఐదు రోజులు పట్టింది. ఆ ఐదు రోజులూ ఆఫీసుకు కొంచెం ముందుగానే వెళ్లాను.

మధ్యాహ్నం సంగతి. అలసట పోలేదు, మూడు దాటితే వస్తూనే ఉంది. కానీ రాగానే ఇప్పుడు ఫోన్ తీయడం లేదు. కుర్చీ కాస్త వెనక్కి జరిపి దాన్ని చూస్తాను. ఏ ఆకు ఎటు తిరిగింది, కొత్త కణుపు దగ్గర వేరు మొటిమ వచ్చిందా అని. రెండు మూడు నిమిషాలు. ఆ తర్వాత చదివిన వరుస ఒక్కసారికే ఎక్కుతోంది. గత నెలలో నా ఫైళ్లు సరిచూపుకు వెనక్కి వచ్చింది తక్కువ. అది మొక్కవల్లే అని లెక్కల పుస్తకం గారి ముందు అనను, విరామం తీసుకోవడం వల్ల కూడా అయ్యుండొచ్చు. ఆ విరామం నాకు అలవాటు చేసింది మాత్రం మొక్కే.

పక్క సీటాయన, కార్బన్ డయాక్సైడ్ అన్నారే, ఆయన నిన్న వచ్చి ఆ చిగురును చాలాసేపు చూశారు. తర్వాత మెల్లగా "నాకూ ఒక కొమ్మ ఇస్తారా?" అని అడిగారు. తీగ ఇప్పుడు మూరెడు సాగింది. ఎక్కడ కత్తిరించాలి? కొత్త చిగురు పాడైపోతుందేమోనని భయంగా ఉంది.

మట్టిచేతులు | అదే రోజు సాయంత్రం

చదివి చాలా సంతోషమేసింది. చిగురు జోలికి పోవద్దు. తీగ మధ్యలో ఆకు పుట్టే చోట కణుపు ఉంటుంది, దానికి ఎదురుగా గోధుమ రంగు చిన్న మొటిమ కనిపిస్తుంది. అదే వేరు. ముక్కకు కణుపులు రెండు, ఆకులు రెండు ఉండేలా చూసుకుని, కింది కణుపుకు అర అంగుళం దిగువన శుభ్రమైన కత్తెరతో కోయండి. కణుపు లేకుండా ఉత్త ఆకు ఇస్తే ఎన్నాళ్లున్నా తీగ రాదు. చివరి చిగురు మీ కుండీలోనే ఉండాలంటే తీగ మొదలు వైపు ఇంకో కొమ్మ ఉంటే దాన్ని తీయండి. ఒక్కటే తీగ అయితే ఇంకో రెండు ఆకులు వచ్చేదాకా ఆయన్ని ఆగమనండి. కోసిన ముక్కను గాజు సీసాలో కింది కణుపు మునిగేలా పెట్టి, ఆకు మాత్రం నీళ్లలో మునగకుండా చూడండి. రెండు మూడు వారాల్లో తెల్లటి వేర్లు వస్తాయి. సీసా ఆయన బల్ల మీదే పెట్టండి, వేర్లు రావడం ఆయన కూడా చూస్తారు.